సంపాదించేది నేనే

మా తమ్ముడు కొండాపూర్‌లో ఆఫీసు నుంచి ఇంటికి నడిచిపోతున్న ఒకామె భుజం మీది బ్యాగు లాగాడు. ఆమె వదల్లేదు. వీడు తోశాడు. ఆమె కింద పడితే మణికట్టు విరిగింది. ఊరికే లాక్కుని పరుగెత్తి ఉంటే దొంగతనం అయ్యేదట, తోశాడు కాబట్టి దోపిడీ అయింది. పట్టుబడగానే చేశానన్నాడు, కోర్టులోనూ ఒప్పుకుంటానన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు వాదించకుండా ఒప్పుకున్న తప్పు అదొక్కటే.

నేను కోకాపేటలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు ఒప్పుకుంటే శిక్షలో ఇంత తగ్గుతుందని ఎక్కడో ఒక లెక్క ఉంటుందనుకున్నాను. ఆ మాటంటే మా లాయరు నవ్వాడు.

"అలాంటి లెక్కేం లేదండి. గాయం ఎంత, పాత కేసులున్నాయా, వయసెంత, ఇంటి పరిస్థితేంటి, అన్నీ చూస్తారు. ఆపైన జడ్జిగారి ఇష్టమండి."

మంచిగా ఉంటానని పూచీ రాయించుకుని ఇంటికి పంపనూవచ్చు, ఏళ్ళ తరబడి లోపల పెట్టనూవచ్చు. అప్పుడు లాయరు, శిక్ష వేసే ముందు అందరూ చెప్పే మాటొకటుందన్నాడు.

"ఇంట్లో సంపాదించేవాడు ఇతనొక్కడేనని చెప్పాలండి. అమ్మగారిని పాత చీరలో తీసుకురండి. మీరు ఆ ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని రాకండి."

నాకు ఒళ్ళు మండింది. నాన్న పోయినప్పటి నుంచి గోపన్‌పల్లిలో ఆ రెండు గదుల ఇంటిని నడుపుతున్నది నేను. వీడు ఏ పనిలోనూ నిలవలేదు. ఇప్పుడు వీడికి జైలు తప్పించడానికి, ఇన్నాళ్ళూ నేను వీడి తిండి తిన్నట్టు చెప్పాలి.

"నేను చెప్ప సార్," అన్నాను.

ఇంటికి వెళ్తే అమ్మ బతిమాలింది. "ఒక్క మాటనే గదనే. నీ సొమ్మేం పోతది?"

నా సొమ్మే కదా పోయేది. మోకాళ్ళ నొప్పులని అమ్మను ఇంట్లోనే ఉంచి, ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని మరీ కోర్టుకు వెళ్ళాను.

జడ్జిగారు ఒక ఆవిడ. ఒప్పుకుంటే శిక్ష పడుతుందని తెలుసా, ఎవరైనా బలవంతపెట్టారా అని తమ్ముణ్ణి అడిగారు. తెలుసు, ఎవరూ పెట్టలేదన్నాడు. లాయరు లేచి, పాత కేసుల్లేవు, బ్యాగు తిరిగి దొరికింది, చిన్నవాడు అని చెప్పుకుంటూ పోయి, నా వైపు చూడకుండా ఆ మాట తనే అనేశాడు. ఇంట్లో సంపాదించేవాడు ఇతనొక్కడేనట.

నేను లేచి నిలబడ్డాను. "కాదు మేడమ్. ఇంట్ల సంపాదించేది నేను. వీడు మమ్మల్ని సాకుతలేడు."

వెనకాల ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "మరి వదిలేస్తే ఇంట్లో పెట్టుకుంటారా?" అని నన్నే అడిగారు.

"ఇయ్యాల ఇడిస్తే ఇయ్యాలనే తీస్కపోత. రెండేండ్లకు ఇడిసినా నేనే వచ్చి తీస్కపోత."

విరిగిన చేతిని చూడనట్టు ఉండలేనన్నారు జడ్జిగారు. తప్పు ఒప్పుకున్నాడని, ఇదే మొదటిసారని తగ్గించి ఏడాది జైలు వేశారు. అప్పటికే లోపల గడిపిన రోజులు అందులో పోతాయన్నారు.

"మీ నోటి వల్లేనండి," అన్నాడు లాయరు బయటికి రాగానే. అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. లెక్కే లేదన్న మనిషికి ఇప్పుడు ఈ లెక్క ఎలా తెలిసిందని ఆయన మొహం మీదే అడిగాను.

కానిస్టేబుల్ వెంట పోతూ తమ్ముడు నా ముందు ఆగాడు. వాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వాడు లోపలికి పోతున్నాడన్న బాధ నాకు అప్పుడు తన్నుకొచ్చింది. ఏడవలేదు.

"అందరి ముందట నా ఇజ్జత్ తీసినవ్ అక్కా."

"తీసిన. జడ్జి మేడమ్‌కు రెండు మాటలు చెప్పిన. రెండోది ఇన్నవా?"

వాడు తల దించుకున్నాడు. "ఇన్న."

"అది గూడ నిజమే."