తొమ్మిది గంటల బండి కూత

మొన్న శుక్రవారం పొద్దున ఆటో కడుగుతుంటే తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఖాలా బిడ్డ.

"అన్నా, అమ్మీ పోయింది. ఫజర్ నమాజ్‌కు లేపుదామని పోయిన. లేవలే."

చేతిలో పైపు అట్లాగే ఉంది. నీళ్లు చక్రం మీద కాకుండా నా చెప్పుల మీద పడుతున్నాయి. అలాంటప్పుడు మనిషన్నవాడు ఏమడగాలి? ఎట్లా అయింది, మట్టి ఎప్పుడు, ఎవరెవరికి చెప్పారు, ఇవి అడగాలి. నేను మాత్రం "రాత్రి తొమ్మిదింటికి మెలకువతోనే ఉండెనా?" అని అడిగాను.



"రా అన్నా. వచ్చినంక చెప్త," అని పెట్టేసింది.

ఆ తొమ్మిది గంటల సంగతి మీకు తెలియాలంటే ముందు ఖాలా ఎవరో తెలియాలి.

వికారాబాద్ నుంచి ధారూర్ పోయే దారిలో పట్టాల పక్కనే మా ఇళ్లు. పదిహేను గడపలు, ఒక రైల్వే గేటు. ఆ గేటు వేసేది, తీసేది చాచా. చాచా భార్య ఖాలా. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది నమాజ్ చదివే ఇల్లు, మాది గొర్లు కాసి బీరప్పకు మొక్కే ఇల్లు. మధ్యలో ఒక మట్టి గోడ. మా అమ్మ, ఖాలా కలిసి ఆ గోడకు ఒక బొక్క పెట్టుకున్నారు, కూర గిన్నెలు అటూ ఇటూ పోవడానికి. నాకు అక్షరాలు సరిగ్గా రాలేదు గానీ, ఆ బొక్కలోంచి వచ్చే వాసన పట్టి ఖాలా ఏం వండిందో గోడ ఇవతల నుంచే చెప్పేవాణ్ని. ఏడో తరగతితో బడి మానేశానంటే అందులో ఆ బొక్క తప్పు కూడా కొంత ఉంది.

మీరు పట్నాల్లో, ఫ్లాట్లలో ఉండేవాళ్లు. పక్కింటి మిక్సీకే తలుపులు వేసుకుంటారు. మాకు రాత్రంతా చప్పుడే. తాండూరు నుంచి సిమెంటు నింపుకొని వచ్చే గూడ్సు బరువుగా మూలుగుతూ పోతుంది. అదే వట్టిది వెనక్కి పోతుంటే పెళ్లయిపోయాక బాసన్లు సర్దుతున్నట్టు లొడలొడలాడుతుంది. కూత వేస్తే అది పోయి అనంతగిరి గుట్టలకు తగిలి, సగం అయి తిరిగి వస్తుంది. శంషాబాద్ విమానాలు మొదలయ్యాక పైన ఇంకో చప్పుడు చేరింది. ఖాలాకు విమానమంటే మంట.

"సలాం లేదు, కలాం లేదు. మన నెత్తి మీదికెల్లి పోతది, ఒక్క కూతన్న ఎయ్యదు. గదేం పద్ధతిరా?" అనేది.

"డ్రైవర్‌కు చెప్పాల్నా ఖాలా, జర హారన్ కొట్టమని?"

"చెప్పు పో. ఎట్లన్న నీకు వేరే పని లేదు."

రైలుకు మాత్రం పద్ధతి ఉంది. గేటు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక పసుపు బోర్డు ఉండేది, అక్కడ డ్రైవర్ పొడుగ్గా కూత వేయాలి. ముందు కూత. ఆ తర్వాత ఖాలా వంటింట్లో చెక్క మీద వరుసగా నిలబెట్టిన స్టీలు పళ్లాలు. మొదట సన్నగా వణికేవి, బండి దగ్గరికి వచ్చే కొద్దీ ఒకదానికొకటి తగులుకునేవి, బండి పోయాక ఒక్కొక్కటే ఊరుకునేవి. ఒకసారి బొంరాస్‌పేట నుంచి వచ్చిన ఆమె చుట్టం ఒకావిడ రాత్రంతా కూర్చొని, పొద్దున ఎర్ర కళ్లతో, "ఈ మోతల ఎట్ల పండుకుంటవే?" అని అడిగింది.

"మొగని గుర్రు వినబడకుంటే నీకు నిద్ర వడ్తదా? నాకు గిదే గుర్రు," అంది ఖాలా.

హాస్యానికి అన్న మాట కాదది. కూత వినబడిందంటే చాచా గేటు వేసి, పచ్చ దీపం పట్టుకొని నిలబడి ఉన్నాడని లెక్క. ఆయన మెలకువగా ఉన్నాడని తెలిస్తేనే ఈమెకు నిద్ర.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. నాకు అప్పుడు పదమూడేళ్లు. రంజాన్ నెల. సహర్‌కు, అంటే తెల్లారక ముందు తినే అన్నానికి, ఖాలా గడియారం చూసి లేచేది కాదు, మూడు గంటల బండి కూతకు లేచి పొయ్యి అంటించేది. ఆ బండి కంటే ముందు నేనే బండినైతే ఎట్లా ఉంటుందా అని నా బుర్రకు తట్టింది. ఆమె వంటింటి వెనకనే ఖాళీ పల్లీ నూనె డబ్బా ఒకటి ఉంటే ఎత్తుకొచ్చి, మూతికి రెండు చేతులు అడ్డం పెట్టి డబ్బాలోకి కూయడం పది రోజులు గుట్ట వెనక నేర్చుకున్నాను. బడిలో అంత శ్రద్ధ పెట్టి ఉంటే ఇవాళ కలెక్టర్‌ను అయ్యేవాణ్ని. ఒకనాడు ఒంటి గంటకు కల్వర్టు కింద కూర్చొని కూశాను. గుట్టలు కూడా మోసపోయి తిరిగి కూశాయి.

ఖాలా లేచి పొయ్యి అంటించింది. అంతవరకు నేను అనుకున్నట్టే అయింది. కానీ చాచా ఆ రాత్రి గేటు మీద డ్యూటీలో ఉన్నాడు. బండి వచ్చే ముందు స్టేషన్ నుంచి ఆయనకు ఫోన్ రావాలి. ఫోన్ రాలేదు, కూత మాత్రం వచ్చింది. అంటే తాను కునుకు తీశాడు, ఫోన్ మోగినా వినలేదు, అనుకున్నాడు. పరుగెత్తి గేటు వేశాడు. దీపం పట్టుకొని నిలబడ్డాడు. బండి రాదు. స్టేషన్‌కు ఫోన్ చేసి అడుగుదామంటే డ్యూటీలో నిద్రపోయానని తానే ఒప్పుకున్నట్టు. కల్వర్టు కింద నుంచి నాకు ఆ దీపం కనబడుతూనే ఉంది. మొదట నవ్వొచ్చింది. ఎంతకూ నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత చూస్తే దీపం ఊగుతోంది. గాలి లేదు. నౌకరీ పోయిందనుకొని ముప్పావు గంట అట్లా నిలబడ్డాడు ఆయన.

తెల్లారి ఖాలా మా గుమ్మం ముందుకు వచ్చింది.

"నా నూనె డబ్బా ఏడున్నదిరా?"

నేను నేల చూశాను. ఆమె కొట్టలేదు. మా అమ్మను పిలవలేదు. చాచాకు చెప్పలేదు, ఆయన పోయేదాకా చెప్పలేదు. నా చెయ్యి పట్టుకొని గోడ చాటుకు తీసుకుపోయి అంది:

"గా కూత మా ఇంటి అన్నం రా. నన్ను నవ్వియ్యి, మస్తుగ నవ్వియ్యి. అన్నంతోటి మాత్రం ఆటలాడకు. ఇగ జన్మల కుయ్యనని ఒట్టెయ్యి."

ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. డబ్బా తిరిగి ఇవ్వబోతే, "నీ కాడనే ఉంచుకో. చూసినప్పుడల్లా యాదికి రావాలె," అంది. నేను చాలా మందిని ఏడిపించాను, పెళ్లిళ్లలో చెప్పులు మార్చాను, చచ్చిపోయినట్టు పడుకొని మా బామ్మర్దిని పరేషాన్ చేశాను. కానీ ఆ డబ్బాలోకి మళ్లీ కూయలేదు. ముప్పై ఏళ్ల దాకా కూయలేదు.

చాచా రిటైరయ్యాడు, కొన్నేళ్లకు పోయాడు. గేటు మీదికి వేరే మనుషులు వచ్చారు. ఖాలా అదే ఇంట్లో, అదే కూతకు కళ్లు మూసుకునేది. తర్వాత గేటు తీసేసి, పట్టాల కింద నుంచి దారి తవ్వారు. అందరికంటే ముందు సంతోషపడింది నేనే. నా ఆటో ఇక గేటు దగ్గర ఆగే పని లేదు. పసుపు బోర్డు కూడా పీకేశారని నేను గమనించలేదు. గేటు లేనప్పుడు కూత ఎందుకు?

పది రోజులకు ఒక సాయంత్రం ఖాలా గోడ బొక్కలోంచి పిలిచింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"నిద్ర వడ్తలేదురా. బండి దొంగ లెక్క పోతున్నది. సప్పుడు లేకుంట వచ్చి ఒక్కసారే గిన్నెలు ఊపుతున్నది. గుండె దడదడ అంటున్నది."

"దవాఖానకు పోదామా?"

"దవాఖాన వద్దు గానీ..." బొక్కకు ఇంకా దగ్గరికి వచ్చింది. "గా డబ్బా ఉన్నదా ఇంక?"

"ఒట్టు ఏపిచ్చుకున్నవ్ గద ఖాలా!"

"ఏపిచ్చుకున్నది నేనే, తీసేస్తున్నది నేనే. తొమ్మిది గంటల బండికి ఒక్కసారి కుయ్యి. గంతే."

నా భార్య గడపలో నిలబడి వింటోంది. "నెత్తి తెల్లగయింది, ఇంక కూతలేనా? మందల మేకపోతు నయం నీకంటే," అంది. అయినా అటక మీది నుంచి డబ్బా దించి, మసి తుడిచి ఇచ్చింది కూడా తనే.

మొదటి రోజు ఆలస్యం చేశాను. పళ్లాలు మోగడం మొదలుపెట్టాక కూశాను. గోడ అవతల నుంచి కేక వచ్చింది.

"ఏమ్రా నాలాయక్! రైలు ఎనకకెల్లి కూస్తదా?"

"ఇంజను ఎనక పెట్టిన్రు ఖాలా, ఇవ్వాళ!"

ఆమె నవ్వింది. చాచా పోయాక అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. ఆ రోజు పడుకుంది. మర్నాటి నుంచి పట్టాల దగ్గరికి పోయి, దూరంగా ఇంజను దీపం కనబడగానే కూసేవాణ్ని. తప్పు కూస్తే పొద్దున గోడ బొక్కలోంచి చాయ్‌తో పాటు తిట్లు వచ్చేవి. "రాత్రి జలుబు చేసిన బండి పోయింది గద?" అనేది. బాగా కూసిన రోజు ఏమీ అనేది కాదు, చాయ్‌లో మలాయి ఎక్కువ ఉండేది.

పోయిన ఏడాది వానల్లో ఖాలా అరుగు మీద జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. బిడ్డ వచ్చి తాండూరు తీసుకుపోయింది. పళ్లాలు కూడా మూట కడుతుంటే ఖాలా మంచం మీది నుంచే వద్దంది.

"గవి ఈడనే ఉండనీ. తాండూర్ల ఊగవు."

నిజమే. బిడ్డ ఇల్లు చించోళి రోడ్డు వైపు, పట్టాలకు దూరం. పగలు నాపరాయి కోసే మిషన్ల మోత, వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిపి మనుషుల మోత. రాత్రయితే మాత్రం ఏమీ ఉండదు, ఎప్పుడైనా పైన ఒక విమానం. నేను చూడబోతే ఖాలా పైకప్పు వైపు వేలు చూపించి, "ఈడ గీ బేమర్యాద ఒక్కటే దిక్కయిందిరా నాకు," అంది.

ఇంటి తాళం నా దగ్గరే పెట్టింది కాబట్టి నాకు ఒక ఉపాయం తోచింది. రోజూ తొమ్మిదికి కొంచెం ముందు ఆమె వంటింట్లోకి పోయి, తాండూరుకు ఫోన్ కలిపి, ఆ ఫోన్‌ను పళ్లాల మధ్య నిలబెట్టేవాణ్ని. బయటికి పోయి దీపం కనబడగానే డబ్బాలోకి కూత. పరుగెత్తుకొచ్చే సరికి పళ్లాలు మొదలయ్యేవి. అక్కడ బిడ్డ ఫోన్ పట్టుకొని తల్లి చెవి దగ్గర పెట్టేది. పళ్లాలన్నీ ఊరుకున్నాక ఫోన్ తీసుకుంటే ఖాలా గొంతు వచ్చేది.

"పోయింది. ఇగ నువ్వు పండుకో."

సంవత్సరం పైనే, ఒక్క రోజు తప్పలేదు. జ్వరం వస్తే మా చిన్నోడితో కూయించాను. ఖాలా వెంటనే పట్టేసింది. "డ్రైవర్ మారిండు. గీ పోరనికి ట్రైనింగ్ ఇయ్యి," అంది.

మొన్న గురువారం బొంరాస్‌పేటలో మా బామ్మర్ది బిడ్డ పెళ్లి. బ్యాండు ముందు ఎగురుతున్నాను, పదిమందిని నవ్విస్తున్నాను. యాదికొచ్చేసరికి పదిన్నర. ఇప్పుడు పడుకొని ఉంటుంది, ఎందుకు లేపడం అనుకున్నాను. రేపు ఏం బొంకాలో కూడా అప్పుడే తయారు చేసుకున్నాను. ఇంజనుకు కల్లు తాపించిన్రు ఖాలా, పట్టాల మీదనే పండుకుంది, అని చెబుదామనుకున్నాను. ఆమె నవ్వుతుందని నాకు తెలుసు.

తాండూరులో జుమా నమాజ్ తర్వాత మట్టి అయింది. అందరూ పోయాక బిడ్డ నా పక్కన వచ్చి కూర్చుంది. నేను తలెత్తలేదు.

"తొమ్మిదింటికి ఫోన్ దిక్కే చూసింది అన్నా. జర సేపటికి 'బండి లేటా?' అని అడిగింది. లేటున్నది అమ్మీ అన్న."

"ఏమన్నది?"

"'సిగ్నల్ దొరకలేనట్టున్నది పాపం' అన్నది. అటు మర్లి పండుకున్నది."

తిట్టి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్ల కింద చాచా చేతిలో దీపాన్ని అట్లా ఊగించినా ఆమె నన్ను కొట్టలేదు. ఇప్పుడూ నా తప్పు సిగ్నల్ మీద వేసి పోయింది.

సాయంత్రం ప్యాసింజర్‌లో తిరిగొచ్చాను. తొమ్మిదికి ముందు అలవాటు కొద్దీ ఖాలా ఇంటి తాళం తీశాను. జేబులో ఫోన్ ఉంది, కలపడానికి ఎవరూ లేరు. పళ్లాల మధ్య ఫోన్ పెట్టే చోటు ఒక బెత్తెడు ఖాళీగా ఉంది. డబ్బా పట్టుకొని పట్టాల దగ్గరికి పోలేదు, వంటింట్లోనే కూర్చున్నాను. కూత లేకుండా బండి వచ్చింది. పళ్లాలు వణికాయి, మోగాయి. బండి మొత్తం పోనిచ్చాను. ఆఖరి పెట్టె కూడా దాటిపోయాక, కావాలనే, నూనె డబ్బా మూతికి పెట్టుకొని ఊపిరున్నంత పొడుగ్గా కూశాను.

'రైలు ఎనకకెల్లి కూస్తదా?' అన్న తిట్టు కోసం ఆగాను. అనంతగిరి నుంచి నా కూత సగం అయి తిరిగి వచ్చింది. చెక్క మీద ఒక పళ్లెం ఇంకా ఊరుకోలేదు. మిగతావన్నీ ఆగిపోయాక కూడా అదొక్కటే సన్నగా, చాలాసేపు వణుకుతూనే ఉంది.