నానబెట్టిన పడవ

నేను పడవ ముంచేశానని సౌదీలో మా ధహ్రాన్ తెలుగువాళ్ళంతా చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం. పడవ మునగలేదు. మునగడానికి కావలసిన ఏర్పాట్లన్నీ చేసింది మాత్రం నేనే. ఆ ఘనత ఇంకొకరికి ఇవ్వను.

పక్కనే ఉన్న ఖతీఫ్‌ ఊళ్ళో అబూ హుస్సేన్ అనే ముసలి జాలరి, తన తండ్రి నడిపిన చిన్న చెక్కపడవను మావారికి అప్పగించాడు. మోకాళ్ళు పోయాయి, ఇక తను నడపలేడు. ఒక్కటే కోరాడు: పాత పడవల పండగకు అది తెరచాప ఎత్తుకుని రావాలి, తను రేవులో నిలబడి చూడాలి. తాడు కట్టి లాక్కొచ్చిన పడవకు ఆ పండగలో చోటు లేదు. ఆ మాట వినగానే నేను కొంగు దోపాను.

పండగకు ముందు వారం మావారు ఎడారి సైటుకు డ్యూటీ మీద వెళ్ళారు. పడవ ఎలా ఉందోనని చూడబోతే ఒడ్డున అంచుదాకా నీళ్ళతో ఉంది. వాన మొహమే ఎరగని చోట! మావారి స్నేహితుడు, కడప మస్తాన్‌ను పిలిచాను.

"సార్ పోసినాడేమో అక్కా. ఒక మాట అడుగుదామా?"

"చెక్కలో నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుందని తెలియడానికి సార్ కావాలా? తోడు."

తోడించాను. తుడిపించాను. బోర్లించి, వడియాలు ఎండబెట్టినట్టు వారమంతా ఎండలో పెట్టాను. ఇక్కడి ఎండ సంగతి మీకు తెలియదు. వదిలేస్తే ఒంటెను కూడా వరుగు చేస్తుంది.

పండగ పొద్దున మావారు సైటు నుంచి నేరుగా ఒడ్డుకు వచ్చేసరికి పడవ సముద్రంలో ఉంది. పడవలో నేను, మస్తాన్, ఒక పులిహోర గిన్నె. ఆయన ఎక్కి తెరచాప ఎత్తారు. గాలి బ్రహ్మాండంగా ఉంది. ఒడ్డు దూరమయ్యాక నా చెప్పులు తేలడం మొదలుపెట్టాయి.

"నేను పోసిన నీళ్ళు ఏం చేశావు?" అన్నారు మావారు, పాలిపోయి.

"తోడేశాను. థాంక్స్ తర్వాత చెబుదురుగాని. ముందు ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి."

"తోడేశావా! పలకలు ఉబ్బి సందులు మూసుకోవాలనే కదా నానబెట్టాను!"

"నానబెట్టడానికి ఇదేమన్నా మినప్పప్పా? నాకెందుకు చెప్పలేదు?"

"ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాను. 'పడవ సంగతి నాకొదిలేయండి' అని పెట్టేశావు."

"గట్టుకు పోయినాక కొట్లాడండి సామీ! నాకు ఈత రాదు!" అన్నాడు మస్తాన్, లైఫ్ జాకెట్‌ను పసిబిడ్డలా హత్తుకుని.

పులిహోర మొత్తం చేపలకు వడ్డించి, ఆ గిన్నెతో తోడటం మొదలుపెట్టాను. కోస్ట్ గార్డు పడవ పక్కకొచ్చి తాడు చూపించింది.

"పట్టుకుందామే" అన్నారు మావారు.

"పట్టుకోండి. రేవులో ఆ ముసలాయనకు మొహం కూడా మీరే చూపించండి."

ఆయన చుక్కాని వైపు తిరిగిపోయారు. నేను కోస్ట్ గార్డుకు పిక్నిక్‌కు వచ్చినదానిలా చేయి ఊపాను. వాళ్ళకు నమ్మకం కుదరక రేవుదాకా పక్కనే వచ్చారు.

మధ్యాహ్నానికి రేవు చేరాం. ముగ్గురం నడుం దాకా నీళ్ళలో కూర్చుని ఉన్నాం. తెరచాప మాత్రం పెళ్ళికొడుకు తలపాగాలా నిటారుగా ఉంది. అబూ హుస్సేన్ చేతికర్ర పైకెత్తి కేక పెట్టాడు. దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూశాడు. కళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వి అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

మస్తాన్ నీళ్ళలోంచే చెప్పాడు: "వాళ్ళ నాయన పడవను రేవులో నానబెట్టి సముద్రానికి తీసకపోతాండెనంట. మనం సముద్రంలో నానబెట్టి రేవుకు తెచ్చినామంటాండాడు."

ఒక్క విషయం ఎవరూ చెప్పరు కనుక నేనే చెబుతాను. రేవులో లోపలి నీళ్ళు తోడేశాక మళ్ళీ పెద్దగా ఊరలేదు. పలకలన్నీ దారిలోనే బిగుసుకున్నాయి.

అయినా సరే, ఆ పులిహోర గిన్నె మీద ఒట్టేసి చెబుతున్నాను: నీళ్ళు నిండిన పడవను ఈ జన్మలో తోడను, తోడించను, తోడేవాళ్ళకు గిన్నె అందించను. కానీ ధహ్రాన్ వాళ్ళు నాకొక్కటి చెప్పాలి. కావలసింది పడవ నానడమే అయితే, రేవులో నానితేనేం, దారిలో నానితేనేం?