లోకల్ రైల్లో గుండె పాఠం

సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కగానే డాక్టర్ భానుప్రియ కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుంటుంది. పనిచేసే ఆస్పత్రి చేరేదాకా జనరల్ మెడిసిన్ బోర్డు పరీక్షకు మనసులోనే చదువుకుంటుంది. ఊపిరితిత్తుల పాఠమైతే బుగ్గలు పూరిస్తుంది, కాలేయమైతే పక్కటెముకల కింద నొక్కుకుంటుంది, నరాలైతే మోకాలి మీద తట్టుకుంటుంది. పుస్తకమంతా కంఠస్థమే. పరీక్ష పెట్టేవాళ్ల ముందు మాత్రం గొంతు పెగలదు. నిరుడు అందుకే తప్పింది.

ఆ రోజు గుండె పాఠం. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కనుబొమలు ముడిచి, పెదాలు కదుపుతోంది. ఎదుటి సీట్లో ఎండుచేపల గంపతో కూర్చున్న ఆదిశేషమ్మ చటుక్కున లేచి, "అయ్యో, పిల్లకు గుండెపోటు! జరగండి, గాలాడనీండి!" అని కేకేసి మొహాన నీళ్లు కొట్టింది. భానుప్రియ ఉలిక్కిపడి, "నాకేం కాలేదక్కా! నేను డాక్టర్ని, పరీక్షకు చదువుకుంటా ఉండా," అంది. "నోట్లో గొణుక్కుంటే అదేం చదువు? బయటికి చెప్పు, మేమూ వింటాం," అంటూ ఆదిశేషమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచింది. భానుప్రియ సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. గుండెపోటు ఎందుకొస్తుందో, నొప్పి ఎటు పాకుతుందో, ముందుగా ఏం చేయాలో చెబుతుంటే పెట్టెలో అందరూ చెవులప్పగించి విన్నారు. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదని ఆమెకు రైలు దిగాక గానీ తట్టలేదు. నవ్వుకుంటూ ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది. కదులుతున్న రైల్లోంచి ఆదిశేషమ్మ అరిచింది: "రేపు కిడ్నీలు చెప్పు డాక్టరమ్మా! మా ఆయనకు రాళ్లుండాయి!"