చిలకలు ఎగిరిపోని మెనూ

హేమాంగీ భిడే నడుస్తూ కలలు కనే మనిషి. పుణేలో మా ఆఫీసుకు వస్తూ, మలుపు దాటేసి ఎటో వెళ్లిపోతుంటుంది. అలాంటిదాన్ని పట్టుకొచ్చి, జనం దారి తప్పకుండా చూసే పని అప్పజెప్పారు. కంప్యూటర్లో మెనూలు అమర్చడం ఆమె ఉద్యోగం. పక్క బల్ల నాది.

మేం చేస్తున్నది పైఠణీ చీరల నమూనాలు గీసే సాఫ్ట్‌వేరు. నెమళ్లు, తామరలు, చిలకలు, తీగలు, అంచులు అన్నీ ఒకే మెనూలో పోస్తే అది తెర కిందికి జారిపోయింది. అక్షరక్రమంలో పెడితే నెమలి ఒకచోట, దాని ఈకలు ఇంకోచోట పడ్డాయి. హేమాంగి చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుని, వాటిని కుటుంబాలుగా విడదీసింది. 'పక్షులు' మీదికి మౌసు బాణం తీసుకెళ్తే పక్కన పక్షులన్నీ తెరుచుకుంటాయి. 'పూలు' మీదికి వెళ్తే పూలు. ఎక్కువ వాడేవి ఎప్పుడూ పైనే, ఒకే చోట ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అందరం మెచ్చుకున్నాం, నేనైతే కాస్త ఎక్కువే.

యేవలాలో నేతగాళ్లకు నమూనాలు గీసిచ్చే కాశీనాథ్ కాకా దాన్ని వాడి చూడాలి. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కుడిచెయ్యి వణుకుతోంది, పెన్సిలు నిలవడం లేదు. ఈ కంప్యూటరూ లొంగకపోతే ఇక గీయడం మానేస్తానని ఇంట్లో చెప్పేశాడు.

హేమాంగీ నేనూ యేవలాలో ఆయనింటికి వెళ్లాం. కాకా మౌసు పట్టుకున్నాడు. పక్షులు తెరుచుకున్నాయి. చిలక పక్క వరుసలో, బాగా కిందుంది. చెయ్యి ఏటవాలుగా అటు కదిలింది. దారిలో బాణం 'పూలు' మీద పడగానే పక్షులు మూసుకుపోయి పూలు తెరుచుకున్నాయి. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ పూలే.

"పిల్లా, నేను చెయ్యి చాపితే చాలు, నీ చిలకలు ఎగిరిపోతున్నాయ్."

"ముందు తిన్నగా పక్కకి పోయి, అప్పుడు కిందికి దిగండి కాకా," అన్నాన్నేను.

"తిన్నగా పోయే చెయ్యే ఉంటే నీ డబ్బాతో నాకేం పని బాబూ?"

ఆయన భార్య సుమన్ కాకూ అటుకుల పోహే పళ్లేలు తెచ్చిపెడుతూ, "పుణేవాళ్లు మనింటికొచ్చి మనకే దారి చెబుతారు," అంది. నాకు ఒళ్లు మండింది. పళ్లెం లాక్కుని తిన్నాను.

హేమాంగి పళ్లెం ముట్టలేదు. మౌసు వదిలేసి ఒళ్లో పెట్టుకున్నా వణుకుతున్న ఆ చేతినే చూస్తోంది.

తిరిగొచ్చే బస్సులో, వాన తడికి మసకబారిన కిటికీకి తల ఆనించి, నిద్రలో మాట్లాడుతున్నట్టు అంది: "ఆయన చిలక దగ్గరికే వెళ్తున్నాడు. మధ్యలో తలుపేసేది మనం."

వేలితో అద్దం మీద ముక్కోణం గీసింది. ఒక కొన బాణం దగ్గర, తక్కిన రెండూ పక్షుల వరుసకు పైనా కిందా.

"చెయ్యి ఇందులో ఉన్నంతసేపు పక్షులు మూసుకోకూడదు."

"ఆయన చెయ్యి చాలా మెల్లగా కదులుతుంది కదా?"

"అయితే మెనూ కూడా మెల్లగానే మూసుకుంటుంది."

అద్దం మీది గీతలోంచి ఉల్లిచేలు కనబడుతూ పోయాయి. ఆమె మళ్లీ ఎక్కడికో వెళ్లిపోయింది.

ఆ మార్పు చేశాక మెనూ మొద్దుబారిందని మా సారు సణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

మళ్లీ యేవలా వెళ్లాం. కాకా చెయ్యి వణుకుతూ, ఆగుతూ, పూల మీదుగా, అంచుల మీదుగా సాగింది. పక్షులు కదల్లేదు. చిలక మీద నొక్కాడు. తెర మీది చీర కొంగులో చిలక వచ్చి వాలింది. కాకా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

చాయ్ పట్టుకుని వెనక నిలబడ్డ సుమన్ కాకూ, "ఏమండీ, ఒక్కటే ఉంది పాపం," అంది. "ఇంకోటి పెట్టండి."

కాకా ఎడంచేత్తో కళ్లు తుడుచుకుని, కుడిచెయ్యి మౌసు మీద వేశాడు.