సెలైన్ అయ్యేదాకా ఆమెన్ లేదు

మా అత్త ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారిపోతుందని మా ఇంట్లో ఒకప్పుడు రోజూ గొడవే. మా ఆయన జువ్వలదిన్నె రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పొద్దంతా డీజిలు వాసనలో పనిచేసి, నకనకలాడే కడుపుతో ఇంటికొస్తే, ఈమె కళ్ళు మూసుకుని ఊళ్ళో వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా దేవుడికి అప్పజెబుతూ కూర్చునేది. "అమా, అందరూ ఆయనకు తెలిసినోళ్ళే గదా, టూకీగా చెప్పు" అని అతను గొణిగేవాడు. ఆమె వింటేగా. నాకూ ఒళ్ళు మండేది. రొయ్యల మేత అమ్మే కొట్టులో పొద్దున్నించి నిలబడి వచ్చిన మనిషికి పులుసు మళ్ళీ వేడిచేసే ఓపిక ఎక్కడిది?

ఇంట్లో ఆ ప్రార్థనను మెచ్చిన ప్రాణి ఒక్కటే, మా పిల్లి. రేవులో ఐసు పెట్టెల సందున అరుస్తున్న పిల్లకూనను అత్త కొంగులో వేసుకుని తెచ్చి, చుక్కల మందు పోసే గొట్టంతో పాలు పట్టి పెంచింది. బూడిద రంగు ఒళ్ళు, నాలుగు తెల్లటి కాళ్ళు, బోలెడంత గీర. మామూలప్పుడు ఎవరు ఎత్తుకోబోయినా గోళ్ళు చూపించేది. కానీ రాత్రి భోజనాలకు ముందు అత్త చాప పరిచి "పరిశుద్ధుడవైన తండ్రీ" అనడం ఆలస్యం, వచ్చి ఆమె ఒళ్ళో చుట్టుకుని పడుకునేది. మీసం కూడా కదిలేది కాదు. చివర్లో మేం ముగ్గురం "ఆమెన్" అనగానే మాత్రం ఎగిరి దూకి వంటింటి గడప మీద ప్రత్యక్షం. ఎందుకంటే పులుసులోంచి తీసి కడిగిన మొదటి చేపముక్క దానిదే. ఇంటికొచ్చినవాళ్ళు చూసి, మీ పిల్లికి ఎంత భక్తి అని మురిసిపోయేవాళ్ళు. దాని భక్తంతా ఆ ఒక్క మాట మీదేనని మాకు తెలుసు.

ఆ పిల్లి కిందటేడు చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఎప్పుడు చూసినా బకెట్టు దగ్గరే, నీళ్ళు తాగుతూ. చేపముక్క పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. అది తినని రోజు అత్త కూడా కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కెలికి లేచిపోయేది. "ఏంది అత్తా, తినవా?" అంటే, "ఆకలి కాలేదు లేమ్మాయ్" అనేది. నాకు అర్థమైంది. ఇది ఒక ప్రాణం సంగతి కాదు, రెండు ప్రాణాల సంగతి.

కూరగాయల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, బస్సులో నెల్లూరు తీసుకెళ్ళాం. దారి పొడుగునా అది ఏడ్చింది, బుట్టలోనే ఒంటేలు పోసింది, బస్సంతా మా వైపే చూసింది. పశువుల డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచి ఓర్పు. రక్తం పరీక్ష చేసి, కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయని చెప్పింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని, "నయమవుద్దా తల్లీ?" అని అడిగింది.

"నయం కాదమ్మా. కాని ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే మళ్ళీ తింటుంది, తిరుగుతుంది. అట్లా కొన్నాళ్ళు హాయిగా బతికిన పిల్లులు ఉన్నాయి. రోజు మార్చి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి."

రోజు మార్చి రోజు ఆ బస్సు ప్రయాణమంటే రోగం కంటే ముందు భయమే దాన్ని చంపేస్తుంది. మా చేతిలో అంత డబ్బూ ఆడదు. డాక్టరమ్మే అంది, ఇంట్లో మీరే ఎక్కించుకోండి, నేను నేర్పిస్తాను అని. అత్త నా వైపు చూసింది. "ఈ అమ్మాయి చేస్తది" అని నన్నడక్కుండానే మాటిచ్చేసింది.

డాక్టరమ్మ అక్కడే ఒకసారి చేసి చూపించి, రెండోసారి నా చేత చేయించింది. సీసా ఏదో, సూది ఎంత లావుదో, దాని బరువుకు ఎన్ని మిల్లీలీటర్లో ఆమె రాసిచ్చినట్టే. చక్కెర కలిసిన గ్లూకోజు సీసా చర్మం కింద పనికిరాదంది. సీసాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి, రెండు చుక్కలు మన మణికట్టు మీద వేసుకుని చూసుకోవాలి. గొట్టంలో గాలి పోయేదాకా కాస్త నీళ్ళు వదిలెయ్యాలి. రెండు భుజాల మధ్య వదులుగా ఉండే తోలును గుడారంలా పైకి లాగి, ఆ గుడారం అడుగున సూది గుచ్చాలి. ఎక్కించిన చోట నిమ్మకాయంత బుడిపె లేస్తుంది, ఒక్కోసారి కాళ్ళలోకి జారుతుంది, తెల్లారేసరికి ఇంకిపోతుంది, కంగారు పడొద్దంది. బుడిపె ఇంకకపోయినా, ఆయాసపడుతున్నా మాత్రం ఇంకో చుక్క ఎక్కించకుండా తనకు ఫోను చెయ్యమంది.

"సూది మటుకు ప్రతిసారీ కొత్తది వాడండి. ఆదా చెయ్యాలనుకుంటే ఇంకెక్కడైనా చెయ్యండి" అని గట్టిగా చెప్పింది. మా అత్తను చూడగానే ఆమెకు అర్థమైపోయినట్టుంది. పాల కవర్లు కడిగి ఆరేసి దాచుకునే మనిషి మా అత్త. సూదిని వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి మళ్ళీ వాడొచ్చు గదా అని అప్పటికే నా చెవిలో అడిగింది. మొద్దుబారిన సూది నొప్పి పెడుతుందని, చీము కూడా పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పాక ఇక ఆ ఊసెత్తలేదు. సీసాలూ గొట్టాలూ టోకుగా అమ్మే మందుల షాపు చీటీ మీద రాసిచ్చింది కూడా ఆ డాక్టరమ్మే. అక్కడ కొంటే, ఒకసారి ఆసుపత్రికి పోయొచ్చే ఖర్చుతో ఇంట్లో చాలా రోజులు గడిచిపోతాయని తేలింది.

ఇంటికొచ్చాక అసలు కథ. మంచం మీద తువ్వాలు పరిచి, మా ఆయన పిల్లిని పట్టుకోగా నేను సూది తీశాను. ఆసుపత్రిలో భయంతో బిగుసుకుపోయిన పిల్లి ఇంట్లో పులైపోయింది. నేను గుచ్చిన సూది గుడారం ఈ పక్కన దూరి ఆ పక్కన బయటికొచ్చింది. సెలైనంతా దుప్పటి మీద. బొచ్చు తడిసేదాకా నాకు ఆ సంగతే తెలియలేదు. పిల్లి బీరువా ఎక్కింది. గోళ్ళు పడ్డది నా చేతుల మీదైతే, మా ఆయన సూది కొసన ఒక్క రక్తపు బొట్టు చూసి, "నాకు కళ్ళు తిరగతా ఉండాయి మే" అంటూ గోడకు చేరబడ్డాడు. అంతంత ఇంజన్లను విప్పి పరిచే మనిషి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు మళ్ళీ ప్రయత్నిస్తే బీరువా మీదనుంచి దిగనే లేదు. నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ రాత్రి ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూస్తే, పొద్దంతా మాకు దొరకని మహారాణి అత్త ఒళ్ళో మెత్తగా పడుంది. ఇంతసేపు కదలకుండా ఉండే చోటు కళ్ళెదుటే పెట్టుకుని బీరువాల చుట్టూ తిరుగుతున్నాం.

అన్నం దగ్గర చెబితే అత్త మండిపడింది. "ప్రార్థన దగ్గర సూదులా? దేవుడి సన్నిధి అనుకున్నావా, ఆసుపత్రి అనుకున్నావా?"

"ఆయన రోగుల్ని బాగుచేసినాడని నువ్వే గదా అత్తా రోజూ చెప్పేది" అన్నాను.

మర్నాడు సాయంత్రం అత్త గోడ మీద చర్చి క్యాలెండరు తీసి పక్కన పెట్టి, ఆ మేకు చూపించి, "సీసా దీనికి తగిలించు" అంది.

అలా మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుని స్తోత్రాలు చెబుతుంటే, నేను ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తోలు లాగి సూది గుచ్చాను. పిల్లి ఒక్కసారి చెవి విదిలించి, మళ్ళీ తల వాల్చేసింది. సీసా మీద పెన్నుతో గీసిన గీత దాకా నీళ్ళు దిగాలి. దిగేదాకా ప్రార్థన ఆగకూడదు, ముఖ్యంగా ఎవరూ ఆమెన్ అనకూడదు. ఇన్నేళ్ళూ త్వరగా ముగించమని పోరిన మేమే ఇప్పుడు సాగదియ్యమని బతిమాలాల్సొచ్చింది. నీళ్ళు నెమ్మదిగా దిగే రోజు నేను ఆమె మోచెయ్యి తట్టేదాన్ని. ఆమె అందుకుని పడవల మీద పోయినవాళ్ళను, రొయ్యల రేటును, వెంకటాచలంలో ఉన్న ఆడపడుచు పిల్లల పరీక్షలను, కరెంటు తీసే లైన్‌మన్‌ను, ఇరవయ్యేళ్ళుగా మాట్లాడని తన తోడికోడలిని కూడా దేవుడి ముందు నిలబెట్టేది. ఆ తోడికోడలికి మేలు కోరుతూ ఆమె ప్రార్థించడం మా ఇంట్లో ఎవ్వరమూ అంతకుముందు వినలేదు. మా ఆయన తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వేవాడు.

కొద్ది రోజులకే పిల్లి చేపముక్క తింది. అత్త ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుంది. డాక్టరమ్మ ఎండుచేపలు మాత్రం బొత్తిగా వద్దంది, అందుకని ఎండుచేపల డబ్బా పక్కింటికి వలసపోయింది.

ఒకసారి మేం సగంలో ఉండగా పాస్టరుగారు వచ్చారు. పెద్దమనిషి, చెప్పులు విడిచి నిశ్శబ్దంగా చాప మీద కూర్చున్నారు. అత్త ఊపిరి తీసుకోవడానికి ఆగితే, తనకు అవకాశమిచ్చిందనుకుని గంభీరంగా రెండు మాటలు చెప్పి, "ఆమెన్" అన్నారు. పిల్లి సూదితో సహా లేచింది. సూది ఊడింది, గొట్టం పాములా మెలికలు తిరిగి ఆయన తెల్లచొక్కా నిండా నీళ్ళు చల్లింది. సంగతి తెలిశాక ఆయనే ఎక్కువ నవ్వారు. ఇప్పుడు మా ఇంటికి ఎప్పుడొచ్చినా, ప్రార్థన చివర్లో గొంతు తగ్గించి, "ఏమమ్మా, అనొచ్చా?" అని నన్నడిగి గానీ ముగించరు.

ఇట్లా సాఫీగా సాగుతుండగా వానల్లో అత్తకు జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది గానీ గొంతు పూర్తిగా పోయింది. పెదాలు కదులుతున్నాయే తప్ప శబ్దం లేదు. ఆ రోజు సెలైన్ ఎక్కించలేకపోయాం. మా ఆయన ప్రార్థించాడు గానీ, "దేవా, వందనాలు, మా అమ్మను బాగుచెయ్యి" అన్నాక అతనికి ఇంకేమీ తోచలేదు. పిల్లి తలెత్తి అతన్ని ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఫోనులో ఎవరిదో ప్రార్థన పెట్టాం, దానికీ లొంగలేదు. మర్నాటికి రెండుసార్లు కక్కుకుని, బకెట్టు పక్కన నేల మీద పడుకుంది. అత్త దాని పక్కనే కూర్చుంది. నేను గంజి తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

ఇక మిగిలింది నేనే. కొట్టులో రైతులతో గొంతు చించుకుని పోట్లాడతాను, బస్సులో సీటు కోసం కండక్టరును కడిగేస్తాను. కానీ నలుగురి ముందు కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయినా ఒక్క రోజూ చెయ్యలేదు. అత్త నన్ను అందుకు దెప్పని వారం లేదు.

చాప పరిచాను. అత్త పిల్లిని ఒళ్ళో పెట్టుకుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్లి చెవులు నిక్కించింది, కానీ లేవలేదు. సూది గుచ్చాను. సీసాలో బుడగలు లేచాయి. అత్త చెప్పే వరసలోనే పడవలూ రొయ్యలూ ఆడపడుచు పిల్లలూ అన్నీ చెప్పేశాను. గీత ఇంకా చాలా కిందుంది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. మా ఆయన నా వైపు భయంగా చూశాడు.

"దేవా, నాకీ పెద్ద మాటలు రావు" అన్నాను. "ఈమె గొంతు ఈమెకిచ్చెయ్యి. ఈమె తిట్టకపోతే ఇల్లు ఇల్లులాగా లేదు. నేనొచ్చిన కొత్తలో నా వంట బాలేదని నాకెదురుగానే అన్నది, గుర్తుండాది నాకు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పగలూ రాత్రీ నా మంచం పక్కన కూర్చున్నది ఈమే, అదీ గుర్తుండాది. ఎప్పుడూ చెప్పలా. ఈ పిల్లికి ఎప్పుడూ ఏమీ కాకూడదని నిన్ను అడగను, డాక్టరమ్మ చెప్పింది నాకు తెలుసు. ఆ రోజు వచ్చినప్పుడు నన్ను కొట్టులో పెట్టబాక. ఇంట్లో ఈమె పక్కన ఉంచు. ఈమెను ఒక్కదాన్నే ఏడవనియ్యబాక."

సీసా కనిపెట్టుకోవాల్సిన దాన్ని, ఎప్పుడు కళ్ళు మూసుకున్నానో నాకే తెలియదు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. నీళ్ళు సరిగ్గా గీత దగ్గర ఆగి ఉన్నాయి. గొట్టం మీద నీళ్ళు ఆపే చక్రం బిగించి ఉంది. సూదిని ఎప్పుడూ ముట్టుకోని మా అత్తే దాన్ని తీసి పాత సూదుల డబ్బాలో పడేసి, గుచ్చిన చోట బొటనవేలితో మెత్తగా అదిమి పట్టుకుని ఉంది. పిల్లి ఆమె ఒళ్ళో నిద్రపోతోంది.

అంతా అయిపోయింది కదా అని ఆమెన్ అనబోయాను. అత్త తడికళ్ళతో నా వైపు చూసి, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది. తర్వాత ఆ చేతినే గాలిలో నెమ్మదిగా తిప్పింది, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నట్టు.