గుట్ట మీద మంచాలు

ధర్పల్లి పక్కనున్న గుట్టకు ఎవరైనా చరిత్ర రాస్తే దాన్ని రెండు యుగాలుగా విడదీయక తప్పదు: మంచాలకు ముందు, మంచాల తర్వాత. రెండో యుగానికి కర్త లింబయ్య. ఎక్కడైనా పాత నులక మంచం కనిపిస్తే చాలు, అడిగి నెత్తిన పెట్టుకుని గుట్టెక్కేవాడు. గడ్డి దుబ్బు మీద దాన్ని వేసి, చుట్టూ తుమ్మకంప కట్టి, రాజ్యం గెలిచినవాడిలా దిగేవాడు. సొంత చేలో పసుపు తవ్వే రోజుల్లో కూడా ఈ మహాకార్యం ఆగలేదు.

మంచాల కోసం పరామర్శలకూ పోయేవాడు. జ్వరంతో పడుకున్న సాయన్న పక్కన కూర్చుని, నులక లాగి చూస్తూ, "ఇంకెన్ని రోజులే?" అన్నాడు.

"నేనింక సావలే లింబన్నా!"

"నీ సంగతి ఎవడడిగిండు? మంచం సంగతి."

మర్నాడే సాయన్న లేచి పొలానికి పోయాడు.

ఊరికిది నవ్వులాట. ఈరవ్వకు మాత్రం కాదు. ఆమెకున్న ఆస్తి మేకలు, మేకలకున్న ఆస్తి ఆ గుట్ట. మందలు మేసీ మేసీ, ఏ మేకా నోరు పెట్టని తంగేడు, వయ్యారిభామ తప్ప అక్కడ పెద్దగా మిగల్లేదు. మిగిలిన కాసిని దుబ్బులకూ మంచాలేస్తే ఒళ్లు మండదా?

"గడ్డిని పండవెడుతున్నవా లింబన్నా? దుప్పటి గూడ కప్పు!"

"గింజ రాలేదాక ముట్టొద్దు చెల్లె. మొలక మొలకనే కొరికిస్తే ఏడాదికి ఏం మొలుస్తది, నీ తలకాయనా?"

"అది మొలిసినా మంచమేస్తవ్ నువ్వు!"

ఎండాకాలం వచ్చింది. మందలన్నీ కోసిన వరి మళ్లలో మేయడానికి వర్ని దిక్కు తరలిపోయాయి. ఈరవ్వ పోలేకపోయింది. మోకాలు వాచింది, మేకలు కొత్తగా ఈనాయి. తల్లులకు మేత లేక, పిల్లలకు పాలు లేక, చివరికి మేకల మెడలకు తాళ్లు కట్టి ఇందల్వాయి బేరగాడి దగ్గరికి బయలుదేరింది. దారిలో లింబయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఎటు?"

"అమ్మనీకి. ఇగ నీ మంచాలు సల్లగుంటయ్, పో."

"గుట్టకు తోలుకరా."

"ఎందుకు? వీటిని గూడ పండవెడతవా?"

లింబయ్య ముందు నడిచి, ఈరవ్వ మేకలతో వెనకాలే రాగా గుట్టెక్కి, కంప పీకి, మంచాలు ఒక్కొక్కటే పక్కకు పడదోశాడు. కింద మోకాలెత్తు ఎండుగడ్డి. గింజ ఎప్పుడో రాలిపోయింది.

"నీ మోకాలు పోయినేడే సూసిన. వర్ని దాక నడవలేవని నాకెరికే," అన్నాడు నేల చూస్తూ. "నీ కోసమని చెప్తే ఊరి మేకలన్ని ముందే దిగుతుండె."

ఈరవ్వ మంచాల దిక్కూ, అతని దిక్కూ మార్చి మార్చి చూసింది.

"నాకొక్కదానికన్న చెప్తే గిన్ని తిట్లు తిడ్తుంటినా?"

"తిట్టకుంటే అందరికి అనుమానమొస్తుండె."

ఈరవ్వ కళ్లు తుడుచుకుని, ఒక్కొక్క తాడూ విప్పి, మేకలను గడ్డి మీదికి వదిలింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఆ శుభఘడియ కోసం చూశారు.

మేకలు ముందు నులక తిన్నాయి.