లిడియా పుట్టిల్లు

నిన్న సాయంత్రం మా అమ్మాయి పైపు పట్టుకుని గుమ్మం ముందు రాతిపలకలు తడుపుతుంటే, ఎండకు కాగిన రాయి నీళ్లు తాగినప్పటి వాసన గుప్పుమంది. నేనున్నది వాన్ అనే ఊళ్లోని మా ఇంట్లో అన్న సంగతే మరిచిపోయి, వాటర్లూ ఊరి చుట్టుపక్కల ఎల్సీ ఆంటీతో శనివారాలు తిరిగిన సమాధుల తోటల్లోకి వెళ్లిపోయాను. ఆ వాసనకు అందరికీ తొలకరి గుర్తొస్తుందట. నాకేమో శ్మశానం గుర్తొస్తుంది, ఏం చేయను!

చదువుకునే రోజుల్లో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎనభైకి దగ్గరపడ్డా నోరు మాత్రం మహా పదును. నేను నీకు ఆంటీని ఎలా అయ్యానని మొదటిరోజే నిలదీసింది. పెద్దవాళ్లను పేరుపెట్టి పిలిస్తే మా అమ్మ నంద్యాల నుంచి వచ్చి మరీ తంతుందని చెబితే, సరే కానీయమంది.

ఆవిడకు ఒకటే పిచ్చి, వంశం వెతుక్కోవడం. వాళ్ల పెద్దలు ఓడ దిగి, అమెరికాలో పెన్సిల్వేనియా వైపు తరాల తరబడి సేద్యం చేసి, ఆ తర్వాత గుర్రపుబండ్ల మీద సరిహద్దు దాటి ఇటు వాటర్లూ వైపు వచ్చారట. మగవాళ్ల సమాధులన్నీ వరసగా దొరికాయి. దొరకనిది ఒక్కతే, ఆవిడ తాతగారి తల్లి లిడియా. కొడుకును కని, వారం తిరక్కుండానే పోయింది. భర్త పక్కన రెండో భార్య సమాధి ఉంది, ఈమెది లేదు. అమెరికాలో చుట్టాల దగ్గర ఉండగా పోయిందేమోనని అక్కడా గాలించి వచ్చింది ఎల్సీ ఆంటీ. అప్పటికే చూపు మసకబారుతోంది. కళ్లు పూర్తిగా పోకముందే ఆ రాయి మీద చేయి వేయాలని ఆవిడ తాపత్రయం. అందుకని కారు నడపడమూ, అరిగిపోయిన అక్షరాలు చదివిపెట్టడమూ నా వంతయింది.

శ్మశానం నుంచి వచ్చి అలాగే గడప దాటాలంటే నాకు కాళ్లు రావు. పెరటి కొళాయి కింద కాళ్లు కడుక్కుని, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని, నేరుగా స్నానానికి పరుగెత్తేదాన్ని. ఆవిడ కొన్నాళ్లు చూసింది. మా వాళ్లు నీకంత మురికిగా కనిపిస్తున్నారా అని ఒకరోజు ముఖం చిన్నబుచ్చుకుని అడిగింది. నా ప్రాణం చివుక్కుమంది. మా వాళ్లను సాగనంపి వచ్చినా ఇలాగే చేస్తాం ఆంటీ అని నచ్చజెప్పాను. మరుసటి శనివారం పక్క గుమ్మం దగ్గర వేడినీళ్ల బకెట్ ఉంది. నమ్మకమేమీ లేదనీ, నాకు జలుబు చేస్తే తనకు సమాధులు చదివేవాళ్లుండరనీ గొణిగింది.

ఒక శనివారం పొద్దుటి నుంచి తిరిగినా ఏమీ దొరక్క, కారులో కూర్చుని శాండ్‌విచ్‌లు తింటున్నాం. ఊరికే అడిగాను.

"లిడియాకు అది తొలికాన్పేనా ఆంటీ?"

"అవును. అదే చివరిది కూడా."

"అయితే వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి ఉంటుంది కదా. మాకు తొలికాన్పు పుట్టింట్లోనే."

ఆవిడ నమలడం ఆపేసింది. పెళ్లయిన మనిషి భర్త వాళ్ల సమాధుల తోటలోనే ఉంటుందన్న లెక్కతో ఇన్నేళ్లూ అటువైపే చూసిందట. "మాలో అలాంటి ఆచారం లేదు," అంది నెమ్మదిగా. "అయినా అమ్మ అందరికీ ఉంటుందిగా. పద."

లిడియా తల్లిదండ్రుల ఊరు అక్కడికి అరగంట దూరం. చర్చి వెనక, తల్లి సమాధి పక్కనే, గడ్డిలో సగం కూరుకుపోయిన చిన్న రాయి ఉంది. నీళ్లు పోసి మెత్తటి బ్రష్‌తో కడిగాను. లిడియా, ఫలానావారి కూతురు, అని తేలింది. ఎల్సీ ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమింది. "ఇన్నాళ్లూ మీ అమ్మ దగ్గరే ఉన్నావా తల్లీ," అంది. ఇద్దరం ఏడ్చాం.

తిరిగి వస్తుంటే, మరి మీ అమ్మమ్మ తల్లి ఎవరని అడిగింది. తెలియదన్నాను. మీ అమ్మ ఉండగానే అడిగి తెలుసుకోమంది. మర్నాడే ఫోన్ చేశాను. ఇప్పుడెందుకే అవన్నీ అని విసుక్కుంటూనే అమ్మ చెప్పుకొచ్చింది. ఆమె పేరు ఓబులమ్మ. పాట బాగా కట్టేదట.

తర్వాత ఉద్యోగం, పెళ్లి, వాన్‌కు మకాం. నాకు నెలలు నిండుతుండగా అమ్మకు విజిటర్ వీసా రాలేదు. ఎల్సీ ఆంటీకి ఫోన్ చేసి వలవలా ఏడ్చాను. అప్పటికి ఆవిడకు చూపు దాదాపు పోయింది. ఏడుపంతా విని ఒక్కటే మాటంది.

"తొలికాన్పు పుట్టింట్లో అన్నది నువ్వే కదా. బట్టలు సర్దుకుని రా."

వెళ్లాను. ఆసుపత్రి నుంచి పాపను ఎత్తుకుని నేరుగా ఆ ఇంటికే వచ్చాను. పక్క గుమ్మం దగ్గర వేడినీళ్ల బకెట్ ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చినా స్నానం చేయాలేమోనని, తడుముకుంటూ తెచ్చి పెట్టిందట. అవసరం లేకపోయినా కాళ్లు కడుక్కునే లోపలికి వెళ్లాను. రాతిమీది అక్షరాలను తడిమినట్టే పాప ముఖమంతా వేళ్లతో తడిమి, ఓబులమ్మ నుంచి మొదలుపెట్టి అందరి పేర్లూ దీనికి చెప్పమంది. చెప్పాను.

ఆ మరుసటి ఏడే ఆవిడ పోయింది. పేర్లు మాత్రం ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. మా అమ్మాయి ఇంగ్లీషులో విసుక్కుంటూనే వింటుంది. మీ పుట్టిల్లు ఎక్కడమ్మా అని ఇక్కడి తెలుగువాళ్లు ఎవరైనా అడిగితే నంద్యాల అంటాను. వాటర్లూ కూడా అంటాను.